వేరుకుళ్లు సోకిన సక్యులెంట్‌కు మళ్లీ వేర్లు తెప్పించడం: కోత నుంచి మొదటి నీళ్ల వరకు

"మొక్క కుండీలో ఊగుతోంది, అడుగు ఆకులు నీరుకారి రాలిపోతున్నాయి, ఇప్పుడేం చేయాలి?" అని సక్యులెంట్ల (ఆకుల్లో, కాండంలో నీరు దాచుకునే మొక్కల) గురించి అడిగేవారిలో చాలామంది అప్పటికే ఒక పని చేసేసి ఉంటారు. మొక్క వాడిందనుకుని ఇంకొన్ని నీళ్లు పోస్తారు. లేదా కొత్త మట్టిలోకి మార్చి, వెంటనే తడుపుతారు. రెండూ కుళ్లును పెంచేవే.

కుళ్లిన వేరు ఏ మందుకూ తిరిగి బతకదు. మనం కాపాడగలిగింది కుళ్లు ఇంకా చేరని కాండాన్ని. ఆ కాండానికి కొత్త వేర్లు పుట్టించాలంటే రెండు పనులు సరిగా చేయాలి: తెగులు ఆనవాలు లేకుండా కోయాలి, కోసిన తర్వాత నీళ్లు పోయకుండా ఆగాలి. కోత పది నిమిషాల్లో అయిపోతుంది. ఎక్కువ మొక్కలు పోయేది తర్వాతి మూడు వారాల్లో, ఆగలేకపోవడం వల్ల.

## 1. అది కుళ్లేనా?

నీరు చాలని మొక్క ఆకులూ ముడతలు పడతాయి, నీరు ఎక్కువైన మొక్క ఆకులూ ముడతలు పడతాయి. వేర్లు చనిపోయిన మొక్క తడి మట్టిలో ఉండి కూడా దాహంతో ఎండుతుంది. అందుకే ఒక్క ఆకును చూసి నిర్ణయించవద్దు. మట్టిని, కాండం మొదలును కూడా చూడండి.

- మట్టి ఎండి, ఆకులు పలచబడి, కాండం గట్టిగా ఉంటే: దాహం. ఒకసారి నిండా నీళ్లు పోస్తే కొద్ది రోజుల్లో తేరుకుంటుంది.
- అట్టడుగు ఆకులు మాత్రమే కాగితంలా ఎండితే: సహజం. పాత ఆకులు అలాగే పోతాయి.
- అడుగు ఆకులు పసుపుబారి, లోపల నీళ్లు నిండినట్టు పారదర్శకంగా మారి, తాకగానే ఊడిపోతే: కుళ్లు.
- కాండం మొదలు నల్లబడి, నొక్కితే మెత్తగా లోపలికి పోతే, చెడు వాసన వస్తే: కుళ్లు ముదిరింది. ఈ రోజే కోయాలి.

అనుమానం తీరకపోతే మొక్కను బయటికి తీసి చూడండి. ఆరోగ్యంగా ఉన్న సక్యులెంట్‌ను ఒకసారి కుండీ నుంచి తీసి మళ్లీ పెట్టినా పెద్దగా నష్టపోదు. కుళ్లుతున్నదానికి మాత్రం ఒక్క వారం ఆలస్యమైనా ప్రాణం పోవచ్చు.

కారణం కూడా తెలిస్తే కోత తేలికవుతుంది. వేర్లకు గాలి కావాలి. మట్టిలోని సందులన్నీ నీటితో నిండితే ప్రాణవాయువు అందక సన్న వేర్లు చనిపోతాయి. ఆ చచ్చిన భాగంలోకి పిథియం, ఫైటోఫ్తోరా, ఫ్యుజేరియం వంటి తెగులు జీవులు చేరతాయి. అక్కడితో ఆగవు. కాండం లోపలి నాళాల వెంట పైకి ఎక్కుతాయి. పైకి పచ్చగా కనిపించే కాండం లోపల గోధుమరంగుకు తిరిగి ఉండడానికి కారణం ఇదే.

## 2. దగ్గర పెట్టుకోవలసినవి

మొక్కను తీయకముందే ఇవన్నీ సిద్ధం చేసుకోండి:

- పదునైన కొత్త బ్లేడు లేదా సన్నటి చాకు. కత్తెర వద్దు, అది కాండాన్ని కోసేముందు నలుపుతుంది.
- 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది.
- పరచుకోవడానికి పాత వార్తాపత్రిక.
- చేతి తొడుగులు. యుఫోర్బియా, అడీనియం అయితే తప్పనిసరి, వాటి రసం హానికరం.
- కోసిన తలను, అంటే మొక్క పైభాగాన్ని, నిలబెట్టడానికి ఖాళీ గ్లాసు.
- అడుగున రంధ్రం ఉన్న చిన్న కుండీ, పూర్తిగా పొడిగా ఉన్న మట్టి మిశ్రమం.
- కోసిన తేదీ రాసుకునే చీటీ. దీన్ని వదిలేయకండి. పదో రోజుకు "నెల అయినట్టుంది" అనిపిస్తుంది, చేయి నీళ్ల చెంబు మీదికి పోతుంది.

ఇక పొడుల సంగతి. ఇండోల్ బ్యుటిరిక్ ఆమ్లం ఉన్న వేర్ల హార్మోన్ పొడి ఉంటే వాడండి, లేకపోయినా చాలా సక్యులెంట్లు వాటంతటవే వేర్లు వేస్తాయి. దాల్చినచెక్క పొడి కోత పైభాగాన్ని త్వరగా ఆరబెడుతుంది, అంతే. లోపల మిగిలిన కుళ్లును అది ఆపలేదు. బతికున్న సన్న వేర్ల మీద చల్లితే వాటినీ ఎండబెడుతుంది. లావుపాటి కాక్టస్ కోతలకు గంధకం పొడి పనికొస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ నేను వాడను. అది తెగులు జీవులతో పాటు తాజా కణజాలాన్నీ దెబ్బతీస్తుంది, పైగా మనం ఆరబెట్టాలనుకుంటున్న గాయాన్ని మళ్లీ తడుపుతుంది.

## 3. బయటికి తీసి వేర్లు చూడడం

కాండం పట్టుకుని లాగవద్దు. కుండీని పక్కకు వంచి, అంచు చుట్టూ తట్టి, మట్టిగడ్డతో సహా జారనివ్వండి. మట్టిని వేళ్లతో విదిలించండి. నీటితో కడగవద్దు.

మంచి వేరు తెల్లగా లేదా లేత గోధుమరంగులో గట్టిగా ఉంటుంది. పాడైన వేరు నల్లగా, జిగటగా ఉండి, లాగితే పైపొర తొడుగులా ఊడి, లోపలి నార మాత్రం చేతిలో మిగులుతుంది.

సగానికి పైగా వేర్లు గట్టిగా ఉండి, కాండం మొదలు కూడా గట్టిగా ఉంటే తల కోయనక్కరలేదు. పాడైన వేర్లను మంచి భాగం దాకా కత్తిరించి, మొక్కను నీడలో రెండు మూడు రోజులు ఆరబెట్టి, పొడి మిశ్రమంలో నాటండి. మరో వారం తర్వాత కొద్దిగా నీళ్లు పోయండి. ఇక్కడితో మీ పని అయిపోయింది.

కాండం మొదలు మెత్తబడి ఉంటే తర్వాతి దశకు వెళ్లాలి.

## 4. కోత

ముందు ఆకులు సేకరించండి. ఎచెవేరియా, గ్రాప్టోపెటాలమ్, సెడమ్ అయితే గట్టిగా, ఆరోగ్యంగా ఉన్న నాలుగైదు ఆకులను మొదలుతో సహా తీసి పక్కన పెట్టండి. ఆకును పట్టుకుని అటూ ఇటూ మెల్లగా కదిపితే పూర్తిగా ఊడి వస్తుంది. మొదలు చిరిగితే ఆ ఆకు మొలవదు. తల బతకకపోయినా ఆ రకం మీ దగ్గర మిగలాలంటే ఈ ఆకులే ఆధారం.

తర్వాత కోసే చోటుకు పైన కొంత కాండం బయటపడేలా అడుగు ఆకుల వరుసలు తీసేయండి. నాటేటప్పుడు పట్టు దొరకడానికి రెండు మూడు సెంటీమీటర్ల కాండం ఉంటే మంచిది. కనీసం ఒక సెంటీమీటరు చాలు.

ఇప్పుడు వరుసగా:

1. బ్లేడును ఆల్కహాల్‌తో తుడిచి, ఆరనివ్వండి.
2. కుళ్లు కనిపిస్తున్న చోటుకు ఒక సెంటీమీటరు పైన అడ్డంగా, ఒకే కోతలో కోయండి. రంపంలా ముందుకూ వెనక్కూ లాగవద్దు.
3. కోసిన ముఖాన్ని వెలుతురులో చూడండి. అంచు నుంచి మధ్య దాకా ఒకే లేత ఆకుపచ్చ లేదా తెలుపు ఉండాలి.
4. మధ్యలో గోధుమరంగు చుక్క, వలయం, నారింజ ఛాయ ఏది కనిపించినా బ్లేడును మళ్లీ తుడిచి, ఇంకో పలచని ముక్క కోయండి.
5. శుభ్రమైన ముఖం వచ్చేదాకా ఇలాగే పైకి వెళ్లండి. వచ్చాక, కాండం పొడవు ఉంటే మరో అర సెంటీమీటరు తీసేయండి.

ప్రతి కోతకూ బ్లేడు తుడవమనడం చాదస్తం కాదు. కుళ్లు తగిలిన బ్లేడుతో మంచి కాండాన్ని కోస్తే తెగులును మనమే లోపలికి నాటినట్టు.

నేను మొదటిసారి కోసిన ఎచెవేరియాలో చివరికి గుండుసూది తలంత చుక్క ఒకటి మిగిలింది. ఇంకో ముక్క కోస్తే ఒక వరుస ఆకులు పోతాయని అక్కడే ఆగాను. తొమ్మిదో రోజు చేతిలోకి తీసుకుంటే పువ్వులా ఉండే ఆకుల గుత్తి అంతా మధ్యలో నుంచి విడిపోయింది. ఆ రోజు నుంచి ఆకుల వరుసలు లెక్కపెట్టడం మానేశాను. మూడే ఆకులు మిగిలిన శుభ్రమైన తల బతుకుతుంది. ముప్పై ఆకులున్నా మధ్యలో చుక్క ఉంటే బతకదు.

కోసుకుంటూ పోతే పెరుగుదల మొగ్గ దాకా గోధుమరంగే కనిపిస్తే ఆ తలను వదిలేయండి. పక్కన పెట్టిన ఆకులను రెండు మూడు రోజులు ఆరబెట్టి పొడి మిశ్రమం మీద పడుకోబెట్టండి. చాలావరకు రెండు నుంచి నాలుగు వారాల్లో మొదలు దగ్గర గులాబీ రంగు వేరు పోగులు, తర్వాత చిన్న మొక్క వస్తాయి. తల్లి ఆకు తనంతట ఎండిపోయేదాకా తుంచవద్దు.

## 5. ఆరబెట్టడం

కోసిన తలను గ్లాసు అంచు మీద నిటారుగా, కోసిన ముఖానికి ఏదీ తగలకుండా నిలబెట్టండి. పడుకోబెడితే వారంలోపే వెలుతురు వైపు మెడ వంచుతుంది, తర్వాత నేరుగా నాటడం కష్టం. గాలి ఆడే వెలుతురు చోటు కావాలి. నేరుగా ఎండ తగలకూడదు. వేర్లు లేని మొక్క కోల్పోయిన నీటిని తిరిగి తెచ్చుకోలేదు.

"వేర్లు లేకుండా అన్ని రోజులు ఎలా ఉంటుంది?" అని భయపడనక్కరలేదు. చాలా సక్యులెంట్లు ఆకు రంధ్రాలను పగలు మూసి రాత్రి తెరుస్తాయి. అందువల్ల నీటి నష్టం చాలా తక్కువ. ఆకుల్లో దాచుకున్న నీటితో వారాల తరబడి నిలబడగలవు.

ఎన్ని రోజులు? కాండం మందాన్ని బట్టి:

- పెన్సిల్ కంటే సన్నగా ఉంటే: 2 నుంచి 4 రోజులు.
- వేలంత మందం ఉంటే: 5 నుంచి 7 రోజులు.
- బొటనవేలిని మించిన కాండాలు, కాక్టస్‌లు: 2 నుంచి 3 వారాలు.

గాలిలో తేమ ఎక్కువగా ఉంటే మరికొన్ని రోజులు కలపండి. అయితే రోజుల లెక్క కంటే కోత ముఖమే నమ్మదగినది. వేలితో తాకితే బెరడులా పొడిగా, గట్టిగా తగలాలి.

మరుసటి రోజు ఒకసారి తప్పకుండా చూడండి. ముఖం అంతా సమంగా లేత గోధుమరంగులో ఎండుతుంటే గాయం మానుతున్నట్టే. ఒకచోట మాత్రం నల్లగా, తడిగా ఉంటే కుళ్లు మిగిలింది. మళ్లీ కోసి, చీటీ మీద తేదీ మార్చండి.

## 6. మట్టి, కుండీ

పెర్లైట్ (తేలికైన తెల్లటి గింజలు), ప్యూమిస్ (రంధ్రాలున్న అగ్నిపర్వత రాయి), 2 నుంచి 5 మిల్లీమీటర్ల ముతక ఇసుక, వీటిలో ఏదైనా రెండు వంతులు, కోకోపీట్ లేదా బాగా చివికిన ఆకు ఎరువు ఒక వంతు కలపండి. వేర్లు పుట్టించే దశలో ఎరువులు ఏవీ వద్దు. సముద్రపు ఇసుకలో ఉప్పు ఉంటుంది, సన్న ఇసుక సందులు పూడుస్తుంది. రెండూ పనికిరావు. వేరే కుండీలో కొంచెం మిశ్రమం వేసి నీళ్లు పోసి చూడండి. పైన నిలవకుండా వెంటనే అడుగు నుంచి కారిపోతే మిశ్రమం కుదిరినట్టు.

కుండీ మొక్క వెడల్పు కంటే రెండు సెంటీమీటర్లు పెద్దదిగా ఉంటే చాలు. పెద్ద కుండీలో వేర్లు తాగలేనంత నీరు నిలుస్తుంది. పక్కల నుంచి కూడా ఆరుతుంది కాబట్టి మట్టి కుండీ మేలు.

కుండీ అడుగున గులకరాళ్లు పరిస్తే నీరు బాగా ఇంకుతుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. జరిగేది వేరు. పైనున్న సన్న మట్టి నీటితో పూర్తిగా నిండితే తప్ప నీరు కింది రాళ్ల మధ్య పెద్ద సందుల్లోకి దిగదు. దాంతో తడి పొర రాళ్ల మీదికి, అంటే వేర్లకు ఇంకాస్త దగ్గరికి జరుగుతుంది. కుండీ నిండా ఒకే మిశ్రమం నింపండి.

## 7. వేర్లు పుట్టించడం

గాయం మానిన తలను పొడి మిశ్రమం మీద కూర్చోబెట్టి, ఊగకుండా ఒక సెంటీమీటరు మేర చుట్టూ సర్దండి. ఆకులు మట్టిని తాకుతుంటే కింద నాలుగు గులకరాళ్లు పెట్టి ఎత్తండి. వెలుతురు బాగా ఉండి, ఎండ పడని చోట ఉంచండి. 20 నుంచి 27 డిగ్రీల మధ్య చాలా రకాలు చురుగ్గా వేర్లు వేస్తాయి. చలి రోజుల్లో దాదాపు రెట్టింపు సమయం పట్టవచ్చు.

నీళ్లు పోయవద్దు.

ఇంకో పద్ధతి నీటిపైన వేలాడదీయడం. గ్లాసు అడుగున కొద్దిగా నీళ్లు పోసి, కోత ముఖానికి, నీటికి మధ్య ఒకటి రెండు సెంటీమీటర్ల ఎడం ఉండేలా తలను అంచు మీద పెట్టండి. తేమ తగిలి వేర్లు కిందికి దిగుతాయి. ముఖం నీటిని తాకకూడదు. వారానికోసారి నీళ్లు మార్చండి. వేర్లు ఒకటి రెండు సెంటీమీటర్లు రాగానే మిశ్రమంలోకి మార్చండి. రోజూ వేర్లను కళ్లారా చూడాలనుకునేవారికి ఇది బాగుంటుంది. నాకు మాత్రం మొదటి పద్ధతే ఇష్టం, ఎందుకంటే వేరు పుట్టిన చోటే పెరుగుతుంది, మార్చే పని ఉండదు. కోతను నీటిలోనే ముంచి ఉంచడం మాత్రం వద్దు. నీటిలో పుట్టిన వేర్లు మట్టికి అలవాటుపడలేక చాలావరకు పోతాయి, కుళ్లు తిరిగి వచ్చే ప్రమాదమూ ఉంది.

ఎన్నాళ్లు పడుతుంది? సెడమ్, ఎచెవేరియా సుమారు 2 నుంచి 4 వారాలు. జేడ్ మొక్క 3 నుంచి 5 వారాలు. కాక్టస్ 4 నుంచి 8 వారాలు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ.

ఈ కాలంలో అడుగు ఆకులు ఒక్కొక్కటిగా ముడుచుకుంటాయి. చూస్తుంటే మనసు ఆగదు. కానీ అది జబ్బు కాదు. మొక్క ఆ ఆకుల్లోని నీటిని తీసుకుని వేర్లు కడుతోంది. ముడుచుకున్న ఆకు పొడిగా ఉంటే వదిలేయండి. పసుపుబారి నీరుకారితే మాత్రం మొక్కను ఎత్తి కాండం చూడండి.

## 8. మొదటి నీళ్లు

వేర్లు వచ్చాయో లేదో చూడడానికి మొక్కను పైకి లాగితే కొత్త పోగులు తెగుతాయి. వేలితో పక్కకు మెల్లగా తోయండి. మొక్క ఎదురునిలిస్తే వేర్లు పట్టుకున్నట్టు. నడిమి ఆకుల రంగు తాజాగా మారడం మరో గుర్తు.

- మొదటిసారి: కుండీ అంచు వెంబడి కొద్దిగా, పైభాగం మూడో వంతు తడిసేలా. నడిమి ఆకుల్లో నీరు నిలవకూడదు.
- రెండోసారి: అడుగు దాకా పూర్తిగా ఆరాక, సుమారు 7 నుంచి 10 రోజులకు, సగం లోతు తడిసేలా.
- మూడోసారి నుంచి: అడుగు నుంచి కారేలా నిండా పోసి, పూర్తిగా ఆరేదాకా మళ్లీ ముట్టకూడదు. పళ్లెంలోకి కారిన నీటిని పారబోయాలి.

తరచూ నీటి తుంపరలు చల్లడం వల్ల లాభం లేదు. మట్టి పైపొర ఎప్పుడూ తడిగా ఉంటుంది, వేరు లోతుకు దిగదు.

ఎండకు మెల్లగా అలవాటు చేయండి. ఉదయపు ఎండ ఒక గంటతో మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో పెంచండి. కొత్త ఆకులు స్పష్టంగా పెరిగేదాకా ఎరువు జోలికి వెళ్లవద్దు.

## 9. మొక్కను బట్టి మార్పులు

హవార్థియా, గాస్టీరియా. వీటికి కోయడానికి పొడవు కాండం ఉండదు. మెత్తబడిన ఆకులను ఒక్కొక్కటిగా తీసేస్తూ గట్టి కాండం పలక దొరికేదాకా వెళ్లండి. దాన్ని గీరి శుభ్రం చేసి, వారం ఆరబెట్టండి. ఆ పలక కొంచెమైనా మిగిలితే వేర్లు వస్తాయి.

కలబంద. దీని ఆకు నాటితే మొలవదు, కుళ్లిపోతుంది. పక్క పిలకలు ఆరోగ్యంగా ఉంటే ముందు వాటిని విడదీసి కాపాడండి.

స్నేక్ ప్లాంట్. గట్టి ఆకును ముక్కలు చేసి నాటవచ్చు. ఏ చివర కిందిదో గుర్తు పెట్టుకోండి, తలకిందులుగా పెడితే వేరు రాదు. పసుపు అంచు ఉన్న రకాన్ని ఆకు ముక్కల నుంచి పెంచితే కొత్త పిలకలకు ఆ అంచు రాదు. అంచు కావాలంటే మంచి దుంప ఉన్న పిలకనే కాపాడాలి.

కాక్టస్. కోసిన తర్వాత అంచు చుట్టూ పెన్సిల్ చెక్కినట్టు ఏటవాలుగా చెక్కండి. ఆరేటప్పుడు మధ్యభాగం లోపలికి కుంచించుకుంటుంది. అంచు చెక్కకపోతే గిన్నెలా గుంత పడి, నడిమి వలయం నుంచి వచ్చే వేర్లకు మట్టి అందదు.

యుఫోర్బియా. కోయగానే తెల్లటి పాలు కారతాయి. అవి చర్మాన్ని మండిస్తాయి, కంట్లో పడితే చాలా ప్రమాదం. చేతి తొడుగులతో పాటు కళ్లద్దాలు పెట్టుకోండి. కోసిన ముఖాన్ని నీటితో కడిగితే కారడం ఆగుతుంది. కోతను నీటితో కడగమని నేను చెప్పేది ఈ ఒక్క మొక్కకే.

అడీనియం. దుంపలో ఒకవైపే మెత్తబడితే మొక్క మొత్తాన్ని కోయనక్కరలేదు. మెత్తటి భాగాన్ని గట్టి తెల్లటి కండ వచ్చేదాకా చెక్కి తీసి, రెండు వారాలు ఆరబెట్టండి. దీని రసం విషపూరితం. పని అయ్యాక చేతులు, చాకు బాగా కడగండి.

లిథాప్స్. ఇందులో కుళ్లు మొదలైందంటే కాపాడడం దాదాపు అసాధ్యం. అందుకే దీనికి నీళ్ల విషయంలో ముందునుంచే జాగ్రత్త.

## 10. అడ్డం తిరిగినప్పుడు

నెల దాటినా వేర్లు రాలేదు. కాండం గట్టిగా ఉంటే కంగారు లేదు. చోటు మరీ చీకటిగా లేదా చల్లగా ఉందేమో చూసి మార్చండి. మానిన ముఖం మరీ మందంగా కట్టి ఉంటే అంచున పలచగా గీరి, మళ్లీ రెండు మూడు రోజులు ఆరబెట్టి పెట్టండి.

వేర్లు వచ్చి ఎండిపోయాయి. చాలా రోజులు గాలిలోనే వదిలేశారు. మిశ్రమంలో నాటి, వేర్లు ఉన్న చోట కొద్దిగా తడపండి. కాండం నుంచి కొత్తవి వస్తాయి.

తల సాగి, రంగు వెలిసింది. వెలుతురు చాలలేదు. ఒక్కసారిగా ఎండలో పెట్టకండి, ఆకులు కాలతాయి. కొద్దికొద్దిగా జరపండి.

వేర్ల మధ్య తెల్లటి దూదిలాంటిది కనిపించింది. అది వేరు పిండినల్లి కావచ్చు. పెర్లైట్ గింజ అయితే గట్టిగా ఉంటుంది, పిండినల్లి నలిపితే మెత్తగా చితుకుతుంది. ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడిచి, మట్టి అంతా మార్చండి.

## 11. పాత కుండీ, పక్క కుండీలు

పాత మట్టిని వేరే కుండీల్లో కలపవద్దు. కుండీని సబ్బుతో కడిగి, ఒక వంతు బ్లీచుకు తొమ్మిది వంతుల నీరు కలిపిన ద్రావణంలో కనీసం పది నిమిషాలు ముంచి, బాగా కడిగి పూర్తిగా ఆరబెట్టండి. బ్లీచులో మరే శుభ్రపరిచే ద్రవమూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది.

పక్కనున్న మొక్కలకూ అదే మట్టి, అవే నీళ్లు అందాయి కదా. సన్నటి వెదురు పుల్లను ఒక్కో కుండీలో అడుగు దాకా గుచ్చి, పది నిమిషాలు ఉంచి తీయండి. పుల్ల పొడిగా వస్తే ఆ కుండీకి ఫరవాలేదు. తడి మట్టి అంటుకుని వస్తే దానికి నీళ్లు ఆపి, నాలుగు రోజుల తర్వాత మళ్లీ గుచ్చండి. అప్పటికీ తడిగానే ఉంటే ఆ మొక్కను కూడా బయటికి తీసి వేర్లు చూడండి.